పెనుకొండ: పారిపోయి వచ్చిన రాజుల కంటే ముందు

1587లో వెనీస్ నగరంలో అచ్చయిన ఒక యాత్రా గ్రంథంలో మా పెనుకొండ పేరు ఉంది. రాసినవాడు చెజారె ఫెదెరీచి, రత్నాల వ్యాపారి. ఇటలీ ఉత్తరాన ఆల్ప్స్ పర్వతాల నడుమ కామోనికా అనే లోయ ఉంది. ఆ లోయలో ఎర్బాన్నో అనే చిన్న ఊరు ఆయనది. అప్పట్లో ఆ లోయంతా వెనీస్ ఏలుబడి కింద ఉండేది కాబట్టి ఆయన్ని వెనీస్ వర్తకుడనే అంటారు. ఆ లోయలో బండల మీద ఆదిమానవులు చెక్కిన బొమ్మలు లక్షకు పైగా ఉన్నాయి. 1979లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అలాంటి చోట, బండలూ కొండలూ చూస్తూ పెరిగిన మనిషి 1563లో వెనీస్ వదిలి తూర్పు దేశాలన్నీ తిరిగి 1581లో ఇల్లు చేరాడు. నడుమ 1567లో విజయనగరం వచ్చి ఏడు నెలలు ఉన్నాడు.

విజయనగరం ఓడిపోయిన రాక్షసి తంగడి యుద్ధం జరిగి అప్పటికి రెండేళ్లు. ఇళ్లు చాలావరకు నిలబడే ఉన్నాయి, వాటిలో మనుషులు లేరు, పులులు తిరుగుతున్నాయి అని రాశాడు ఫెదెరీచి. రాజు తన పరివారంతో సహా అక్కడికి ఎనిమిది రోజుల ప్రయాణం దూరంలో ఉన్న పెనుకొండ కోటకు వెళ్లిపోయాడనీ రాశాడు. మరుసటి ఏడే, 1588లో, ఆ పుస్తకం ఇంగ్లీషులో కూడా వచ్చింది. అలా ఒక కొండ ఊరివాడి కలంతో మన కొండ పేరు యూరప్ చదువరులకు చేరింది. ఆయన మాత్రం పెనుకొండ దాకా రాలేదు. విజయనగరం నుంచి అటే గోవా దారి పట్టాడు. వచ్చి ఉంటే, మా గుండ్లనూ దొనలనూ చూసి తన లోయతో పోల్చి ఏమైనా రాసేవాడేమోనని నాకు తీరని ఆశ.

ఆయన చెప్పిన ఇంకో సంగతి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. ఆ రాజు తిరుమలరాయలు పాడుబడిన నగరాన్ని మళ్లీ నిలబెట్టాలనుకుని గోవా గుర్రాల వర్తకులకు కబురు పెట్టాడట. యుద్ధంలో పట్టుబడిన నా ముద్ర ఉన్న గుర్రాలైనా సరే డబ్బిస్తాను, తోలుకు రండి అన్నాడు. వాళ్లు నమ్మి తెచ్చారు. గుర్రాలన్నీ చేతికి వచ్చాక, ఒక్క పైసా ఇవ్వకుండా వాళ్లను పంపేశాడు. చేతిలో సొమ్ము లేని, శత్రువు ఎప్పుడు వస్తాడో తెలియని రాజు చేసే పని అది. ఐదువందల యాభై ఏనుగుల మీద ఖజానా ఎక్కించుకుని పెనుకొండకు వచ్చాడని అందరూ చెప్పే రాజూ ఈయనే. ఆ ఏనుగుల లెక్కను 1900లో రాబర్ట్ సూయెల్ తన పుస్తకంలో రాశాక అది ఊరూరా పాకింది. గుర్రాల సంగతి ఎవరూ చెప్పరు. పక్కపక్కన పెట్టి చదివితే నాకు రెండోదే ఎక్కువ నిజంగా తోస్తుంది.

పెనుకొండ గురించి బడి పుస్తకాల్లో మిగిలింది ఈ ఒక్క ముక్కే: విజయనగరం పడిపోయాక రాజులు తలదాచుకున్న రెండో రాజధాని. నేను హిందూపురంలో పుట్టి, ధర్మవరం కోడలినై, బతుకంతా సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని. పుట్టింటికీ మెట్టింటికీ నడుమ ప్యాసింజరు రైల్లో తిరుగుతూ ఆ కొండను అన్ని ఋతువుల్లోనూ చూశాను. వానాకాలంలో దాని బండల మీద నీళ్లు జారుతుంటే దూరానికి వెండి జరీలా మెరుస్తుంది. రెండో రాజధాని అన్న మాట ఈ ఊరికి అన్యాయం చేసిందని నా గట్టి నమ్మకం. 1565 నాటికి పెనుకొండకు రెండు వందల ఏళ్లు దాటిన సొంత చరిత్ర ఉంది, ఊరు ఊరుగా కుదురుకున్న చరిత్ర. రాజులు ఆపదలో పరుగెత్తుకొచ్చింది ఆ కుదురును చూసుకునే.

ఎర్రమంచి వాకిలి దగ్గర మొదలుపెడతాను. కోటకు ఉత్తరపు ద్వారం అది. లోపల పదకొండు అడుగుల ఎత్తున ఆంజనేయుడు ఉంటాడు. ఒళ్లంతా సిందూరం, చేయెత్తి నిలబడిన ఆకారం. దాటిపోయే ఆటోవాళ్లు కూడా ఒక చేత్తో దండం పెట్టి పోతారు. ఉత్తరపు వాకిట్లోని శాసనం 1354 నాటిది. మొదటి బుక్కరాయల కాలంలో, ఆయన కొడుకు విరూపణ్ణ ఒడయరు ఈ సీమను ఏలుతుండగా రాతికోట కట్టారని దాని సారాంశం. హరిహరుడూ బుక్కడూ రాజ్యం స్థాపించి అప్పటికి ఇరవై ఏళ్లు కాలేదు. హంపీలో మనం ఈనాడు మురిసిపోయి చూసే కట్టడాల్లో చాలావాటికి అప్పటికి పునాదులు కూడా పడలేదు. అప్పుడే ఈ కొండకు కోట లేచింది. ఆ వాకిలి పేరిటి ఎర్రమంచిలోనే ఇప్పుడు కియా కార్ల కర్మాగారం ఉంది. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి.

పద్నాలుగేళ్ల తర్వాత, 1368లో, పెనుకొండ పేరు శ్రవణబెళగొళ శాసనంలో కనిపిస్తుంది. జైనులకూ శ్రీవైష్ణవులకూ తగవు వచ్చింది. ఆనెగొంది, హొసపట్టణ, పెనుకొండ, కల్లేహ ఊళ్ల జైనులు కలిసి బుక్కరాయలకు మొర పెట్టుకున్నారు. రాజు జైనుల చేతులు పట్టుకుని వైష్ణవుల చేతుల్లో పెట్టి, ఈ దర్శనానికీ ఆ దర్శనానికీ భేదం లేదని చెప్పి, జైనుల వాద్యాలకూ కలశానికీ ఉన్న మర్యాద అట్లాగే సాగాలని తీర్పు ఇచ్చాడు. రాజు దాకా పోయి న్యాయం అడగగలిగినంత పలుకుబడి గల జైనులు ఆనాటి పెనుకొండలో ఉన్నారన్నమాట. ఢిల్లీ, కొల్హాపురం, జినకంచితో పాటు పెనుకొండను నాలుగు విద్యాస్థానాల్లో ఒకటిగా జైనులు లెక్కపెడతారు. ఇప్పటికీ ఇక్కడ పచ్చ పార్శ్వనాథుడి గుడి ఉంది. ఒకే పచ్చరాతిలో మలిచిన విగ్రహం, తల మీద పాము పడగలు. ఆ పచ్చదనం ముందు ఎంతసేపు కూర్చున్నా తనివి తీరదు నాకు.

అదే ఊళ్లో బాబయ్య దర్గా. బాబా ఫక్రుద్దీన్ అంటే పుస్తకాల్లో పేరు, జనం నోట్లో బాబయ్య. సీస్తాన్ రాజ్యం వదిలేసి, తిరుచిరాపల్లిలో నత్తర్ వలీ శిష్యుడై, గురువు ఇచ్చిన పళ్లపుల్లను పట్టుకుని బయలుదేరాడట. ఏ ఊళ్లో నాటితే ఆ ఎండుపుల్ల చిగురిస్తుందో అక్కడే ఉండిపొమ్మని గురువు ఆజ్ఞ. అది పెనుకొండలో చిగురించిందని ఇక్కడి కథ. మా సీమ దూదేకులవాళ్లకు బాబయ్య ఇంటి దేవుడితో సమానం. ఉరుసుకు హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు. మా అమ్మ పుట్టింటి వైపు వాళ్లు పిల్లలకు పుట్టువెంట్రుకలు కదిరిలో తీయిస్తే, చక్కెర చదివింపులు బాబయ్యకు చేయించేవాళ్లు. అందులో వింతేమీ లేదు మాకు.

ఇక నీళ్ల సంగతి. ఈ వ్యాసం రాయాలనుకున్నదే దానికోసం.

మా అనంతపురం సీమలో ఏడాదికి సగటున ఐదువందల యాభై మిల్లీమీటర్ల వాన పడితే పడినట్టు. అందులోనూ ఒక ఏడు పడి ఒక ఏడు ఎగ్గొడుతుంది. ఇలాంటి చోట కోట కట్టడం ఒక ఎత్తు, ఆ కోటలో మనుషులను నిలపడం ఇంకో ఎత్తు. 1388లో రెండో హరిహరరాయల కొడుకు బుక్కరాయడు పెనుకొండ నుంచి ఈ రాజ్యభాగాన్ని ఏలుతున్నాడు. ఆ ఏడు వేయించిన ఒక కన్నడ శాసనం, హిందూపురానికి ఆనుకుని ఉన్న ఇప్పటి గౌరిబిదనూరు తాలూకాలో దొరికింది. నిండు కొలువులో రాజకుమారుడు జలసూత్రం తెలిసిన సింగాయభట్టును పిలిచి, నీరే ప్రాణులకు ప్రాణం, హెన్నె నదిని పెనుకొండకు తీసుకురావాలి అని ఆజ్ఞాపించిన సంగతి అందులో ఉంది. హెన్నె అంటే మన పెన్న. నందికొండల్లో పుట్టి, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం పక్కకు వచ్చే ఏరు. సింగాయభట్టు సిరువెర చెరువు దాకా కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని రాజకుమారుడి పేరు పెట్టాడు.

ఈ శాసనం గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. రాజుల గెలుపులు చెప్పే శాసనాలు వేలు. ఒక ఇంజనీరు పేరు, అతనికి వచ్చిన విద్య పేరు, అతను తవ్విన కాలువ పేరు వరుసగా చెప్పే శాసనాలు ఎన్ని ఉంటాయి? సింగాయభట్టు దగ్గర దుర్భిణీ లేదు, లోహపు గొట్టాలు లేవు. నేల వాలును కంటితో, నీటిమట్టంతో కొలుచుకుని, గుట్టల నడుమ బండలు తప్పించుకుంటూ ఏటినీళ్లను నడిపించాలి. కాలువ ఏటవాలు ఎక్కువైతే కట్టలు కోసుకుపోతాయి, తక్కువైతే ఒండ్రుతో పూడిపోతుంది. ఆ నడిమి లెక్క తెలిసినవాడు ఆయన. మా సీమ పిల్లలకు కృష్ణదేవరాయల పేరు ఎట్లా తెలుసో సింగాయభట్టు పేరు అట్లా తెలియాలని నా కోరిక. గొల్లపల్లి జలాశయం దగ్గర ఆయన పేరు ఒక పలక మీద చెక్కించినా చాలు. 2016లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు వచ్చి చేరింది పెనుకొండ పక్కన ఉన్న ఆ గొల్లపల్లికే. నదిని పెనుకొండకు తీసుకురావాలన్న ఆజ్ఞ 1388లో వెలువడినదే, ఇంకో నది విషయంలో.

కొండ మీది నీళ్లు వేరు. అవి వాన నీళ్లు. బండల వాలున దిగి దొనల్లో నిలుస్తాయి. ఎక్కడెక్కడ వాలు ఉందో చూసి, రాతికట్టలు అడ్డం వేసి చిన్న చిన్న కుంటలు చేసుకున్నారు. పొద్దున చల్లపూట నడక దారిలో ఎక్కితే ఒకదాని తర్వాత ఒకటిగా బురుజులూ, కూలిన గోడలూ, కొట్టుల్లాంటి కట్టడాలూ, వాటి పక్కన ఈ కుంటలూ కనిపిస్తాయి. పైన లక్ష్మీనరసింహస్వామి గుడి. ఒకసారి దారి విడిచి ఒక దొన వైపు నడవబోతే మేకలు మేపుకునే ఆయన కేకేశాడు: "అమ్మా, అట్ల పోవాకండి, ఎలుగొడ్లుండాయి. పొద్దున్నే నీళ్లకొస్తాయి." ఆ మేకల ఆయన దగ్గర కూర్చుని ఏ దొన ఎన్ని నెలలు ఎండకుండా ఉంటుందో అడిగి రాసుకున్నాను. ఆ లెక్క ఆయనకు నోటికి వచ్చు. ఏ దొన పక్కన మొండిగోడలు ఎక్కువ ఉన్నాయో చూడమన్నాడు. చూశాను. నీళ్లు నిలిచే చోటనే కాపురాలు ఉండేవి.

అంత ఎత్తున, చుట్టూ గోడ, లోపల నీళ్లు ఉన్న చోటు రాజ్యానికి ఇంకో పనికి కూడా వచ్చింది. విజయనగర రాజు సాళువ నరసింహుడు పోయాక ఆయన కొడుకు ఇమ్మడి నరసింహుణ్ణి తుళువ నరస నాయకుడు పెనుకొండ కోటలోనే ఉంచాడు. పేరుకు రాజు, ఉన్నది చెర. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ ఈ కథంతా రాశాడు. 1505 ప్రాంతంలో ఆ రాజు హతుడయ్యాక తుళువ వంశం సింహాసనం ఎక్కింది. ఆ వంశంలోనే కృష్ణదేవరాయలు. ఆయన కొడుకు, ఇంకో తిరుమలరాయలు, చిన్నతనంలో చనిపోతే విషప్రయోగమన్న అనుమానం మీద మహామంత్రి తిమ్మరుసు కళ్లు తీయించారని కూడా నూనిజే రాశాడు. తిమ్మరుసు సమాధి ఇదేనని పెనుకొండలో ఒక మంటపం చూపిస్తారు. ఇక్కడికి దగ్గర్లోని లేపాక్షికి పోతే ఇంకొకరి కళ్ల కథ వింటాం. అచ్యుతరాయల కాలంలో పెనుకొండ అధికారి విరూపణ్ణ వీరభద్రాలయం కట్టించి, ఖజానా సొమ్ము వాడాడన్న నింద మీద పడితే తన కళ్లు తానే పీకి గోడకు విసిరాడని, ఆ ఎర్రమరకలు ఇవేనని చెబుతారు. రెండు కథలూ ఈ కొండ నీడలోనే పుట్టాయి. కొండకోటలో సొమ్ము ఉండేది, సొమ్ము చుట్టూ అనుమానం ఉండేది.

1565 తర్వాతి కథ క్లుప్తంగా చెబుతాను, అది అందరికీ తెలిసినదే. పేరుకు రాజైన సదాశివరాయలను వెంటబెట్టుకుని తిరుమలరాయలు వచ్చాడు. తిరుమలుడి కొడుకు సదాశివుణ్ణి చంపేశాడని ఫెదెరీచి విన్నమాట రాశాడు గానీ, సదాశివుడి పేరిట శాసనాలు ఆ తర్వాత కూడా కొన్నేళ్లు వచ్చాయి. 1570 ప్రాంతంలో తిరుమలరాయలు తనే పట్టం కట్టుకున్నాడు. అరవీటి వంశం అట్లా మొదలైంది. కొడుకుల్లో శ్రీరంగరాయలు పెనుకొండలో తెలుగు నేలను, రామరాయలు శ్రీరంగపట్నంలో కన్నడ నేలను, వేంకటపతి చంద్రగిరిలో తమిళ నేలను చూసుకున్నారు. రామరాజభూషణుడి వసుచరిత్రను అంకితం తీసుకున్నది ఈ తిరుమలరాయలే. గుర్రాల డబ్బు ఎగ్గొట్టిన చేతులే తెలుగులో అంతటి శ్లేషకావ్యాన్ని అందుకున్నాయి. ఓడిపోయి, ఊరు మారిన పదేళ్లలోపే కవిత్వానికి సావకాశం దొరికిందంటే, ఊళ్లో తిండీ నిద్రా కుదురుగా ఉన్నట్టే కదా.

ఆ కుదురు ఎంత గట్టిదో ముట్టడులు చెబుతాయి. 1576-77లో బీజాపురం అలీ ఆదిల్ షా మూడు నెలలు కోట చుట్టూ విడిసి, పట్టలేక తిరిగిపోయాడు. 1589 ప్రాంతంలో గోల్కొండ మహమ్మద్ కులీ కుతుబ్ షా వచ్చాడు. అప్పటికి రాజైన వేంకటపతిరాయలు సంధి మాటలు ఎత్తగానే కుతుబ్ షా సేనను కొంచెం వెనక్కి తీశాడు. సంధి మాటల్లో మూడు రోజులు గడిచాయి. ఆ మూడు రోజుల్లో రాయల పక్షాన జగదేవరాయడు తదితరులు తుపాకీలవాళ్లతో, ధాన్యంతో కోటలోకి వచ్చేశారు. మళ్లీ ముట్టడి మొదలైతే కోట లొంగలేదు. వానాకాలం దగ్గరపడింది. కృష్ణ పొంగితే వెనక్కి దారి ఉండదని గోల్కొండ సేన వెళ్లిపోయింది. కుతుబ్ షా పొరపాటు సంధి మాటలు నమ్మడం కాదని నా అభిప్రాయం. లోపల నీళ్లకు కొదవ లేని కోటకు మూడు రోజుల పాటు గింజలు అందితే ఏమవుతుందో ఆయన లెక్క వేసుకోలేదు. సింగాయభట్టు కాలం నుంచి రెండు వందల ఏళ్ల నీటి ఏర్పాట్లు ఆ ముట్టడిలో అక్కరకు వచ్చాయని నేను అనుకుంటాను.

ఆ తర్వాత కొన్నేళ్లకు రాయలు చంద్రగిరికి మకాం మార్చాడు. పెనుకొండ మళ్లీ ఎప్పుడూ రాజధాని కాలేదు. 1800లో దత్తమండలాలతో పాటు కుంపెనీ చేతికి వచ్చింది. తెల్లదొరల కాలంలో సబ్ కలెక్టరు మకాం ఊరైంది. 1890లలో గుంతకల్లు నుంచి బెంగుళూరు రైలుదారి పడింది.

రాజులు పోయాక కూడా మిగిలిన పని ఒకటి మా మెట్టినింట్లో కళ్లారా చూశాను. ధర్మవరం మగ్గాల మీద పడుగు సాగదీసి, పేక వేస్తూ, అంచుల్లో నేసే కొన్ని బుటాలకు మూలం లేపాక్షి రంగమంటపం కప్పు మీది బొమ్మల్లో ఉంది. ఆ చిత్రాల్లో ఆడవాళ్ల చీరల మీద ఉన్న గీతలూ, గళ్లూ, పూలూ చూసి, కాగితం మీద గళ్లు గీసి, అట్టలు కొట్టి మగ్గానికి ఎక్కిస్తారు. మా అత్తగారు ఆసు పోస్తూ, చేతులు ఆడుతుండగానే, లేపాక్షిలో ఏ స్తంభం పక్కన ఏ చీర ఉందో చెప్పేవారు. ఆమె బడికి పోలేదు. పెనుకొండ అధికారి కట్టించిన గుడి, హిందూపురం పక్కన నిలిచి, ధర్మవరం ఆడవాళ్ల కట్టులోకి వచ్చింది. ఈ మూడు ఊళ్లకూ ఉన్న చుట్టరికం నా వరకు ఇదే.

చూడ్డానికి వచ్చేవాళ్లు నేరుగా గగనమహల్‌కు పోయి, రెండంతస్తుల కమానుల ముందు ఫోటో దిగి, తిరిగి జాతీయ రహదారి ఎక్కుతారు. గగనమహల్ అందమైనదే, కింద కమానులూ పైన గోపురం లాంటి శిఖరమూ కలిసిన కట్టడం. కానీ అది ఆఖర్న చూడాల్సింది. ఎర్రమంచి వాకిలి శాసనంతో మొదలుపెట్టి, పచ్చ పార్శ్వనాథుణ్ణి చూసి, బాబయ్యకు చక్కెర చదివించి, పక్కపక్కనే గోడలు ఆనుకున్నట్టున్న రాముడి గుడికీ శివుడి గుడికీ రండి. రాముడి గుడి గోడల మీద రామాయణ కథలూ, శివుడి గుడి గోడల మీద శివుడి లీలలూ ఉన్నాయి. పిల్లలు వెంట ఉంటే ఒక్కో కథా వాళ్లనే కనిపెట్టమనండి, గంట సేపు ఇట్టే గడుస్తుంది. కొండ మరునాటికి పెట్టుకోండి. తెల్లవారుజామున ఊరివాళ్లను ఎవరినైనా తోడు తీసుకుని ఎక్కాలి. ఎండ ముదిరే లోపల దిగిపోవాలి. పైనుంచి చూస్తే చెరువు, రైలుకట్ట, గొల్లపల్లి నీళ్లు, కార్ల కర్మాగారం కప్పులు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. దిగాక హిందూపురం బస్సు ఎక్కితే దాదాపు గంట, అక్కడి నుంచి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు.